ఇరవై ఏళ్ళు తప్పు రూల్స్‌తో ఆడితే, గెలిచినవాళ్ళు గెలిచినట్టేనా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వేసవి సెలవుల్లో వాళ్ళింట్లో అక్కచెల్లెళ్ళ పిల్లలంతా చేరి మోనోపలీ ఆడతారట, అదే, బోర్డు మీద స్థలాలు కొని అద్దెలు వసూలుచేసుకునే ఆట. ఇరవై ఏళ్ళ అలవాటు. పన్నులు, జరిమానాలు బోర్డు మధ్యలో కుప్ప పోసి, 'ఫ్రీ పార్కింగ్' గడిలో దిగినవాళ్ళకి ఆ కుప్పంతా ఇచ్చేస్తారు. దిగిన స్థలం కొననంటే డైస్ పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది, అంతే. పాత పెట్టె చిరిగిపోయి ఈమధ్య కొత్తది కొంటే, అందులోని రూల్స్ కాగితం ఈ రెండూ తప్పంటోంది. మిర్చి వ్యాపారం చేసే పెద్ద మావయ్య మాత్రం "ఆ కాగితం రాసినవాడు మనింట్లో ఆడాడా?" అంటున్నారు. ఏది సరైనది, పాత గెలుపులు చెల్లుతాయా, గొడవ లేకుండా మార్చుకోవడం ఎలా అని అడిగారు.

నాది విజయవాడ, సత్యనారాయణపురం. మా మేడమీద గదిలో పద్నాలుగేళ్ళుగా ఆదివారం సాయంత్రాలు ఆటలు ఆడిస్తున్నాను. పిల్లలొస్తారు, పిల్లల్ని దింపడానికొచ్చిన నాన్నలు వాళ్ళకంటే ఎక్కువసేపు కూర్చుంటారు. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబమూ కనీసం ఒక తప్పు రూలు వెంట తెచ్చుకుంటుంది. కాబట్టి ముందు మీరు సిగ్గుపడటం మానేయండి.

సూటి సమాధానం: కాగితం చెప్పిందే నిజం. ఫ్రీ పార్కింగ్‌లో దిగితే డబ్బు రాదు, పోదు. ఎండలో నడిచొచ్చినవాడు కాసేపు కూర్చునే అరుగు లాంటిదది. పన్నులు, జరిమానాలు బ్యాంకుకే పోవాలి. ఇక ఎవరైనా ఖాళీ స్థలంలో దిగి కొననంటే, బ్యాంకరు దాన్ని అక్కడికక్కడే వేలం వేయాలి. కొననన్న మనిషి కూడా పాట పాడొచ్చు. పాట ఎంతకైనా మొదలవ్వచ్చు, కాబట్టి రెండొందల స్థలం ముప్ఫైకి పోయినా పోవచ్చు. పాత గెలుపులంటారా, నిక్షేపంగా చెల్లుతాయి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ అదే రూలుతో ఆడారు కదా. ఒక్కటే మినహాయింపు. అసలు రూలు తెలిసి కూడా తనకి లాభమని నోరు మూసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ గెలుపు గురించి నేను హామీ ఇవ్వను.

ఈ రెండు తప్పులూ దాదాపు ప్రతి ఇంట్లో ఎందుకున్నాయో చూడండి, చిత్రంగా ఉంటుంది. ఫ్రీ పార్కింగ్ కుప్ప పుట్టింది జాలి నుంచి. చితికిపోయిన పిల్లాడి మొహం చూడలేక ఏ పెద్దమ్మో పెట్టిన దానం అది. వేలం పోయింది మొహమాటం వల్ల. చిన్నది వదిలేసుకున్న స్థలాన్ని దాని కళ్ళ ముందే ముప్ఫైకి కొట్టేయడం మనకి నచ్చదు. రెండూ మంచి మనసుతో చేసినవే. ఫలితం మాత్రం ఒకటే, ఆట తెమలదు. బ్యాంకులోకి పోవాల్సిన డబ్బు తిరిగి బోర్డు మీదికొస్తుంది, దివాలా తీయాల్సినవాడు మళ్ళీ లేచి కూర్చుంటాడు. అమ్ముడుపోవాల్సిన స్థలాలు గంటలకొద్దీ ఖాళీగా పడుంటాయి, ఒకే రంగు స్థలాలన్నీ ఎవరి చేతికీ పూర్తిగా రావు. "మోనోపలీయా? రాత్రి పదకొండైనా తేలదు, బోరు" అని విసుక్కునేవాళ్ళని ఓసారి వేలంతో ఆడి చూడమంటాను. ఆరేడు రౌండ్లలో స్థలాలు చాలావరకు చేతులు మారతాయి, బేరాలు మొదలవుతాయి.

ఇంకోటి కూడా చూసుకోండి, మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పెట్టెలో 32 ఇళ్ళు, 12 హోటళ్ళు ఉంటాయి. అవి అయిపోతే అయిపోయినట్టే, ఎవరైనా తిరిగి అమ్మేదాకా కొత్త ఇల్లు లేదు. మా చిన్నప్పుడు ఇళ్ళు అయిపోతే మా అక్క వంటింట్లోకెళ్ళి చింతపిక్కలు తెచ్చేది. హోటల్‌కి పెద్ద పిక్క, ఇంటికి చిన్న పిక్క. ఎంత ముచ్చటగా ఉన్నా అది ఆట నడుము విరగ్గొట్టడమే. హోటల్ కట్టకుండా నాలుగేసి ఇళ్ళ దగ్గరే ఆగిపోయి, పక్కవాడికి ఇటుక దక్కకుండా చేయడం ఈ ఆటలో అసలైన పట్టు. చింతపిక్కలు వచ్చాక ఆ పట్టుకి విలువేముంది? జైల్లో ఉన్నవాడికి అద్దె ఇవ్వక్కర్లేదనుకోవడం కూడా తప్పే. లోపల ఉన్నా అద్దె వసూలు చేసుకోవచ్చు.

మీరు కొన్నది మోనోపలీ పెట్టే అయితేనే ఇదంతా. మా ఊరి బీసెంట్ రోడ్డులో దొరికే 'బిజినెస్' పెట్టె అయితే లెక్క వేరు. ఆ పేరుతో చాలామంది తయారుచేస్తారు. బోర్డు మీద మన ఊళ్ళు, మూలల్లో క్లబ్బు, రెస్ట్ హౌస్ లాంటివి ఉంటాయి. ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ రూల్స్ కలవవు. కాగితం మీద పోస్టు కార్డంత జాగాలో ఇంగ్లీషు ముక్కలు నాలుగు ఉంటాయి, వాటిలో సగం అచ్చుతప్పులు. అలాంటి పెట్టెతో ఆడేటప్పుడు 'తప్పు రూలు' అనే మాటకి అర్థమే లేదు. అందులో లేనిదాన్ని మీరే తేల్చుకోవాలి.

మీ మావయ్యగారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఎలిజబెత్ మేగీ అనే అమెరికా ఆవిడ 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' పేరుతో ఒక ఆట తయారుచేసి 1904లో పేటెంట్ తీసుకున్నారు. భూమంతా ఒకరి చేతిలో ఉంటే మిగతావాళ్ళ గతేమిటో చూపించాలని ఆవిడ ఉద్దేశం. దాన్ని జనం సొంతంగా బోర్డులు గీసుకుని, ఊరికో రూలుతో చేతులు మార్చుకుంటూ ఆడారు. పార్కర్ బ్రదర్స్ కంపెనీ దాన్ని మోనోపలీగా అమ్మడం మొదలుపెట్టింది 1935లో. అంతకుముందు జనం గీసుకున్న ఆ నకళ్ళలో ఎక్కడో 'మార్వెన్ గార్డెన్స్' అనే స్థలం పేరులో ఒక అక్షరం మారి 'మార్విన్' అయింది. ఆ తప్పు అలాగే అచ్చులోకెక్కి బోర్డు మీద ఉండిపోయింది. నోటి మాటగా తిరిగిన ఆటకి తప్పులు అంటుకోవడం గుంటూరులో మొదలైన జబ్బేమీ కాదు.

ఇక నా గొప్పతనం చెప్పకపోతే ఈ సమాధానం అన్యాయమవుతుంది. 'పాండెమిక్' అని 2008లో వచ్చిన ఆట ఒకటుంది. అందరూ ఒకే జట్టు, ఊరూరా పాకుతున్న నాలుగు జబ్బులకి మందు కనిపెట్టాలి. మధ్యమధ్యలో ఎపిడెమిక్ కార్డు వస్తుంది. అప్పుడు అంతదాకా వాడి పక్కన పడేసిన ఊళ్ళ కార్డుల్ని కలిపి కట్ట పైన పెట్టాలి. అంటే ఇప్పటికే జబ్బున్న ఊళ్ళకే మళ్ళీ మళ్ళీ దెబ్బ తగులుతుంది. ఆట ప్రాణమంతా అక్కడే ఉంది. మేం మాత్రం ఆ కార్డుల్ని కలిపి కట్ట అడుగున పెట్టాం. ఒకసారి కాదు, ఎనిమిది నెలలు! ఓడిపోయిందే లేదు. "పిల్లల ఆట, దీనికింత పేరెందుకొచ్చిందో" అని వచ్చినవాళ్ళందరికీ ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఒక ఆదివారం హైదరాబాదు నుంచి మా తమ్ముడి స్నేహితుడొచ్చాడు. నేను కార్డులు కలిపి కట్ట ఎత్తి అడుగున పెడుతుంటే చూసి, "అంకుల్, ఒక్క నిమిషం" అన్నాడు. ఆ గొంతులో మర్యాద నాకిప్పటికీ వినిపిస్తుంది. రూల్స్ పుస్తకం తీశాం. పైన పెట్టాలని స్పష్టంగా రాసుంది, బొమ్మ కూడా వేశారు. ఆ తర్వాత వరసగా ఆరు ఆటలు ఓడిపోయాం.

బొమ్మ ఉండగా ఎలా తప్పామని చాలా రోజులు ఆలోచించాను. చివరికి తేలిందేమిటంటే, అది పేకాట అలవాటు. రమ్మీలో ఆడి పడేసిన ముక్కలు, పైనున్న ఒక్కటి తప్ప, కట్ట అయిపోయాకే మళ్ళీ ఆటలోకొస్తాయి. పుస్తకం చదువుతున్నది కళ్ళే గాని చేతులు మాత్రం రమ్మీ ఆడుతున్నాయి. తప్పు రూల్స్‌లో చాలావాటికి మూలం ఇదే. మనం కొత్త ఆట నేర్చుకోం, పాత ఆటలోంచి కొత్తదానిలోకి అద్దెకి దిగుతాం.

ఊనో అనే కార్డుల ఆటలో జరిగేదీ అలాంటిదే. ప్లస్ టూ కార్డు మీద ప్లస్ టూ, దాని మీద ఇంకో ప్లస్ టూ వేసి చివరివాడి నెత్తిన ఆరు కార్డులు రుద్దడం లేకపోతే మా గదిలో పిల్లలకి అది ఊనోయే కాదు. తయారుచేసే మ్యాటెల్ వాళ్ళు మాత్రం అలా పేర్చకూడదని 2019లో బహిరంగంగానే చెప్పారు. ప్లస్ టూ పడినవాడు రెండు కార్డులు తీసుకుని తన వంతు వదులుకోవాలి, అంతే. వేయడానికి కార్డు లేనప్పుడు దొరికేదాకా తీస్తూ పోవడం కూడా పుస్తకంలో లేదు, ఒక్కటే తీయాలి. ఈ మాట చెప్పిన రోజు పిల్లలు నన్ను చూసిన చూపు!

చదరంగం సంగతి కాస్త వేరు. ఇంట్లో ఎలా ఆడినా ఫరవాలేదు గాని, పిల్లాణ్ణి పోటీకి పంపితే తప్పు రూలు ఖరీదవుతుంది. మా అక్క కొడుకుని గుంటూరులో ఒక స్కూలు టోర్నమెంటుకి తీసుకెళ్ళాను. గ్రాండ్‌మాస్టర్లు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక పుట్టిన ఊరు, గల్లీకొక కోచింగ్ ఉంటుంది. మావాడికి ఆట నేర్పింది వాళ్ళ తాతగారు. బంటు చివరి గడికి చేరితే, అప్పటిదాకా చచ్చిన వాటిలోంచే ఒకటి తెచ్చుకోవాలని ఆయన నేర్పారు. మన వైపు చాలా ఇళ్ళలో ఉన్న రూలే. మూడో రౌండులో ఎదుటి పిల్లాడి బంటు చివరికి చేరింది. వాడి మంత్రి బోర్డు మీదే ఉంది. అంతకుముందు మావాడు కొట్టి పక్కన పెట్టిన తన ఏనుగుని వాడు తీసి తలకిందులుగా నిలబెట్టి "ఇది రెండో మంత్రి" అన్నాడు. మావాడు లేచి నిలబడి "రెండో మంత్రి ఉండడు, మోసం" అని అరిచాడు. పోటీలో తీర్పు చెప్పే ఆర్బిటర్ వచ్చారు. ముందు మావాడికి చెప్పారు: బంటు రాజు తప్ప ఏదైనా అవ్వచ్చు, రెండో మంత్రి కూడా. చచ్చిందా లేదా అనేదానితో పని లేదు. మావాడి కళ్ళల్లో నీళ్ళు. తర్వాత ఆ రెండోవాడి వైపు తిరిగి, "తలకిందులుగా పెట్టినా ఏనుగు ఏనుగే నాన్నా. మంత్రి కావాలంటే గడియారం ఆపి నన్ను అడగాలి" అన్నారు. ఏడుపు ఇప్పుడు అటు మారింది. ఇద్దరు తాతల రూల్స్ ఒకే బోర్డు మీద పడిపోయిన రోజది.

మొదటి ఎత్తులో రెండు బంట్లని ఒక్కో గడి జరపడం కూడా ఇలాంటి ఇంటి వాడుకే, పోటీల్లో లేదు. అయితే మన పెద్దవాళ్ళు దీన్ని గాల్లోంచి పుట్టించారనుకోకండి. దేశవాళీ చదరంగంలో బంటు మొదట్లో కూడా ఒక్క గడే నడిచేది. పంజాబుకి చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ నేర్చుకున్నది ఆ పద్ధతే. తర్వాత అంతర్జాతీయ రూల్స్ నేర్చుకుని 1929, 1932, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 2024లో గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. రాజుకి చెక్ లేదు, కదలడానికి గడీ లేదు, ఆ స్టేల్‌మేట్‌ని మనం డ్రా అంటాం. 18వ శతాబ్దపు ఇంగ్లండులో అయితే అలా చేసినవాడే ఓడినట్టు లెక్క. కాబట్టి తాతగారి దగ్గరకెళ్ళి "మీరు నేర్పింది తప్పు" అనకండి. "పోటీల్లో ఇలా ఆడతారట తాతయ్యా" అంటే సరిపోతుంది.

మన అష్టాచెమ్మా గురించి అడిగితే నా సమాధానం పూర్తిగా మారిపోతుంది. దానికి పుస్తకమే లేదు. మా అమ్మమ్మ చింతపిక్కల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీసేది. ఆ వేడికి వేలు కాలితే నోట్లో పెట్టుకుని, మళ్ళీ రుద్దేది. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట, రెండింటికీ ఇంకో పందెం. ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గళ్ళలోకి వెళ్ళకూడదనేది మా అమ్మమ్మ చట్టం. మా ఆవిడది తెనాలి. వాళ్ళింట్లో చంపకపోయినా లోపలికి పోనిస్తారట. పెళ్ళయిన మొదటి సంక్రాంతికి ఈ విషయం మీద అత్తా కోడళ్ళు గంటన్నర వాదించుకున్నారు. అరిసెలు మాడాయి. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఇలాంటి ఆటలో ఒకటే తప్పు, కాయలు పెట్టకముందు మాట్లాడుకోకపోవడం. పులిజూదంలో కూడా పదిహేను మేకలూ దించేదాకా ఏ మేకనీ కదపకూడదనే సంగతి కొందరికి తెలియదు. తెలియకుండా ఆడి "మేకలవాడే ఎప్పుడూ గెలుస్తున్నాడు" అని ఆశ్చర్యపోతారు.

క్యారమ్స్ దగ్గర నేను చేసిన పొరపాటు మాత్రం మీరు చేయొద్దు. మా మావగారింట్లో నలుపు పది, తెలుపు ఇరవై, రెడ్ యాభై. పోటీల్లో అయితే ఒకరివి నల్లవి, ఒకరివి తెల్లవి. అవతలివాడివి ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు, రెడ్ విలువ మూడే. అదీ ఇరవై రెండు పాయింట్లకి చేరాక కలవదు. ఈ పరిజ్ఞానమంతా ఆయన రెడ్ కొట్టి కవర్ చేసి, చుట్టూ మనవళ్ళు చప్పట్లు కొడుతున్న క్షణంలోనే బయటపెట్టాను. ఆయనేమీ అనలేదు. స్ట్రైకర్ బోర్డు మీద పెట్టి, బోరిక్ పౌడర్ డబ్బా మూత బిగించి, లోపలికెళ్ళి పేపరు చదువుకున్నారు. నాతో మళ్ళీ ఆడటానికి దసరా దాకా పట్టింది. నేను చెప్పిన మాటలో తప్పు లేదు, చెప్పిన వేళలో ఉంది.

అందుకే మీ మూడో ప్రశ్నకి నా పద్ధతి ఇది. ఆట మధ్యలో తప్పు కనబడితే ఆ ఆటని పాత రూలుతోనే పూర్తిచేయండి. ఎవరో ఒకరు ఆ రూలు నమ్ముకుని డబ్బు పెట్టి ఉంటారు, మధ్యలో మారిస్తే నష్టం వాళ్ళ ఒక్కళ్ళకే. కొత్త రూలు తర్వాతి ఆట నుంచి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మీరైతే వేలంతో మొదలుపెట్టండి. ఫ్రీ పార్కింగ్ కుప్ప ఇంకో నెల ఉంటే కొంపలు మునగవు. పిల్లలు చిన్నవాళ్ళయితే ఉంచేసుకోవచ్చు కూడా. తెలిసి ఉంచుకుంటే అది ఇంటి ఆచారం, తప్పు కాదు.

కాగితం చదివే పని ఒక్కరికే అప్పజెప్పకండి. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు కాయలు జరుపుతూ చూడాలి. ఇంగ్లీషు కాగితంలో 'మే' అని ఉందా 'మస్ట్' అని ఉందా చూడండి. మొదటిది మీ ఇష్టం, రెండోది తప్పనిసరి. సగం గొడవలు ఈ రెండు మాటల దగ్గరే పుడతాయి. ఉదాహరణకి చెకర్స్‌లో ఎదుటి కాయని కొట్టే అవకాశం వస్తే కొట్టి తీరాలి. చదరంగం అలవాటున్న మనం అది ఇష్టం మీదనుకుంటాం. ఏదైనా ఆట మరీ సులువుగా, లేదా మరీ సాగదీతగా అనిపిస్తే ఆటని తిట్టేముందు ఒకసారి కాగితం తీయండి. నా ఎనిమిది నెలలు గుర్తు తెచ్చుకోండి.

ఇక మీ మావయ్యగారు. ఆయన ముందు కాగితం పెట్టి వాదించకండి, లాభం లేదు. ఆయన మిర్చి యార్డు మనిషి. టిక్కీల, అంటే మిర్చి బస్తాల మధ్య నిలబడి కాయ రంగు చూసి, తొడిమ విరిచి ధర చెప్పే మనిషికి 'వేలం' అనే మాట పరాయిది కాదు కదా. వచ్చే ఆదివారం ఆయన్ని బ్యాంకరుగా కూర్చోబెట్టండి. మొదటి స్థలం ఎవరో ఒకరు కొననన్నప్పుడు, ఆ కార్డు ఆయన చేతికిచ్చి "పాట మీరే పెట్టండి మావయ్యా" అనండి. ఆయన ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి చూడ్డం మొదలుపెట్టారంటే, ఇక రూల్స్ కాగితం మళ్ళీ పెట్టెలో పడేసుకోవచ్చు.